ఊపిరితిత్తుల మార్పిడి: ఆపరేషన్ కన్నా ముందే దాటిపోయే సమయం

హాల్లో ఒక మూల ఆక్సిజన్ కాన్సంట్రేటర్ గుయ్యిమంటూ ఉంటుంది. దాని నుంచి సన్నటి ప్లాస్టిక్ ట్యూబు సోఫా పక్కగా, గడప మీదుగా బెడ్‌రూం దాకా, అక్కడి నుంచి బాత్‌రూం దాకా సాగుతుంది. ఆ ట్యూబు తొక్కకుండా నడవడం ఇంట్లో పిల్లలకు కూడా అలవాటైపోతుంది. మొదట్లో రాత్రిళ్లు మాత్రమే పెట్టుకున్న ఆక్సిజన్ కొన్నాళ్లకు పగలూ రాత్రీ అవుతుంది. రెండు లీటర్లు సరిపోయిన మనిషికి నాలుగు కావాలి, తర్వాత ఆరు. స్నానం చేసి వచ్చాక మంచం మీద పది నిమిషాలు కూర్చుంటే గానీ మాట పెగలదు. కరెంటు పోతే ఇంటిల్లిపాదికీ టెన్షన్, సిలిండర్ విప్పే స్పానర్ ఎక్కడ పెట్టామా అని వెతుకులాట. అదిగో, ఆ దశలో ఒక రోజు డాక్టరు "ఇక మార్పిడి ఒక్కటే దారి" అంటారు.

అప్పటికే చాలామంది విషయంలో ఆ దారి సగం మూసుకుపోయి ఉంటుంది. ఊపిరితిత్తుల మార్పిడి గురించి ఇళ్లలో జరిగే మాటలన్నీ ఖర్చు చుట్టూ, ఆపరేషన్ భయం చుట్టూ తిరుగుతాయి. రెండూ నిజమైన భయాలే. కానీ ఆపరేషన్ టేబుల్ దాకా చేరకుండానే పోయే ప్రాణాల వెనక ఎక్కువగా ఉండేది ఆలస్యం. అన్నీ అయిపోయాక ఆఖర్న ఆలోచిద్దాంలే అనుకునే అలవాటే ఈ చికిత్సకు పెద్ద అడ్డు. మనిషి ఇంకా తన కాళ్ల మీద తాను నడవగలుగుతున్నప్పుడే మార్పిడి మాట మొదలవ్వాలి. ఎందుకో అర్థం కావాలంటే ముందు జబ్బు సంగతి చూడాలి.

ఇంత దూరం తెచ్చే జబ్బులు కొన్ని ఉన్నాయి. పొగతాగడం వల్లా, ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ పీల్చడం వల్లా శ్వాసనాళాలు ఇరుకై, గాలి ఆడకుండా చేసే సీఓపీడీ ఒకటి. ఊపిరితిత్తుల్లోని రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగిపోయే పల్మనరీ హైపర్‌టెన్షన్ ఇంకొకటి. రాళ్ల క్రషర్లు, క్వార్ట్జ్ పనుల దుమ్ముతో వచ్చే సిలికోసిస్, పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా కనిపించే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యు జబ్బు కూడా ఈ కోవలోవే. మన దేశంలో మార్పిడి కోసం వచ్చేవాళ్లలో ఎక్కువమందిది మాత్రం ఐఎల్‌డీ, అంటే ఇంటర్‌స్టీషియల్ లంగ్ డిసీజ్. మెత్తటి స్పాంజిలా ఉండాల్సిన ఊపిరితిత్తి మచ్చ కట్టి, గట్టిపడి, చిన్నదైపోతుంది. పీల్చిన గాలి లోపలికి వెళ్లినా అందులోని ఆక్సిజన్ రక్తంలోకి సరిగా దిగదు.

ఐఎల్‌డీ మీద మన దేశంలో 19 నగరాల నుంచి 1,084 మంది రోగుల వివరాలు సేకరించి 2017లో ఒక రిజిస్ట్రీ ప్రచురించారు. అందులో దాదాపు సగం మందికి ఉన్నది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. అంటే పావురాల రెట్టల ధూళి, బూజు లాంటివాటిని ఏళ్ల తరబడి పీల్చగా పీల్చగా ఊపిరితిత్తులు తిరగబడటం. ఆ రోగుల్లో దాదాపు సగం మంది ఎయిర్ కూలర్ వాడేవాళ్లని కూడా ఆ రిజిస్ట్రీలో తేలింది. ఎండాకాలం అటక మీంచి దించి, పోయినేడు తడిసి ఎండిన గడ్డి మ్యాట్లతోనే మళ్లీ స్విచ్ వేసే కూలర్లు మన ఊళ్లలో ఎన్నో. అందరికీ జబ్బు రాదు. వచ్చినవాళ్లకు మాత్రం, మొదట్లోనే కారణం పట్టుకుని దూరం పెడితే కొంతైనా ఆపే అవకాశం ఉంటుంది. మచ్చ కట్టేశాక వెనక్కి మళ్లదు.

మందులు లేవా అంటే ఉన్నాయి. ఇలా మచ్చ కట్టడాన్నే ఫైబ్రోసిస్ అంటారు, దానికి పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ వాడతారు. అవి గట్టిపడే వేగాన్ని తగ్గిస్తాయి, పోయిన భాగాన్ని తిరిగి తేలేవు. కారణం తెలియని రకమైన ఐపీఎఫ్‌లో, జబ్బు తేలిన దగ్గర్నుంచి సగటున మిగిలే కాలం మూడు నుంచి ఐదేళ్లని మందులు రాకముందు లెక్క. చాలా క్యాన్సర్ల కన్నా గడ్డు లెక్క అది. క్యాన్సర్ అనగానే ఇల్లంతా కదులుతుంది. ఫైబ్రోసిస్ అంటే మాత్రం "కొంచెం నిమ్ము చేరిందట" అనుకుని నెలలు గడిచిపోతాయి.

ఆ నెలలు ఎలా గడుస్తాయో కూడా చెప్పాలి. మెట్లెక్కితే ఆయాసం వస్తే వయసు మీద పడిందంటారు. పొడి దగ్గు తగ్గకపోతే ఆస్తమా ఇన్‌హేలర్లు మారుస్తారు. ఎక్స్‌రేలో మచ్చ కనబడితే టీబీ అనుకుని ఆరు నెలల కోర్సు వాడించిన సందర్భాలు మన దేశంలో తక్కువేం కాదు. ఊపిరితిత్తులను వివరంగా చూపే హెచ్‌ఆర్‌సీటీ స్కాన్ తీసేసరికి ఏడాదో రెండేళ్లో అయిపోతుంది. వీపు మీద స్టెతస్కోప్ పెడితే వెల్‌క్రో పట్టీ ఊడదీసినట్టు చిటచిటమనే చప్పుడు, ఉబ్బి గుండ్రంగా మారిన గోళ్లు, ఈ రెండూ ఐఎల్‌డీని పట్టించే గుర్తులు. రెండూ పైసా ఖర్చు లేకుండా తెలిసేవే.

ఇక సమయం సంగతి. మార్పిడి మరీ ముందే చేయకూడదు, మరీ ఆలస్యంగానూ కుదరదు. ముందే ఎందుకు చేయకూడదంటే, మార్చిన ఊపిరితిత్తి మిగతా అవయవాలంత కాలం మన్నదు. అంతర్జాతీయ రిజిస్ట్రీ ప్రకారం 2010 తర్వాత మార్పిడి చేయించుకున్నవాళ్లలో సగం మంది బతికిన కాలం ఆరున్నరేళ్లకు కాస్త పైన. మొదటి ఏడాది దాటేవాళ్లు నూటికి 85 మంది దాకా ఉంటారు, ఐదేళ్లు దాటేవాళ్లు 60 మందికి దగ్గరగా. కిడ్నీ, లివర్ మార్పిడులతో పోలిస్తే ఇవి చిన్న అంకెలే. సొంత ఊపిరితిత్తులతోనే నాలుగైదేళ్లు నెట్టుకురాగల మనిషికి ఈ ఆపరేషన్ నష్టం. రెండేళ్లలో ప్రాణం పోయే అవకాశం సగానికి మించి ఉన్న మనిషికి ఇదే అంకె వరం. డాక్టర్లు తూచేది సరిగ్గా ఇక్కడే. మార్పిడి లేకపోతే రెండేళ్లలో మరణించే ప్రమాదం 50 శాతం దాటాలి, మిగతా ఒంటి ఆరోగ్యాన్ని బట్టి చూస్తే మార్పిడి తర్వాత ఐదేళ్లు బతికే అవకాశం 80 శాతం పైన ఉండాలి. ఇదీ నిపుణుల మార్గదర్శకం.

ఈ తూకంలో ఒక చిన్న పరీక్షకు చాలా బరువుంది. ఆస్పత్రి కారిడార్‌లో 30 మీటర్ల దూరంలో రెండు గుర్తులు పెడతారు. వేలికి పల్స్ ఆక్సిమీటర్ తగిలించి, ఆరు నిమిషాల్లో ఆ రెంటి మధ్య ఎన్నిసార్లు తిరగగలిగితే అన్నిసార్లు తిరగమంటారు. అలసిపోతే గోడకానుకుని నిలబడవచ్చు, గడియారం మాత్రం ఆగదు. కూర్చున్నప్పుడు 95 చూపించిన మీటరు నాలుగో చుట్టులో 86కి పడిపోతుంది. మనిషి "బాగానే నడిచానండీ" అంటూనే ఉంటారు. ఫైబ్రోసిస్ ఉన్నవాళ్లలో ఈ నడకలో ఆక్సిజన్ 88 కన్నా తగ్గినా, ఆరు నెలల్లో నడిచే దూరం 50 మీటర్లు తగ్గినా, ఊది చూసే పరీక్షలో ఎఫ్‌వీసీ (గుండెల నిండా పీల్చి గట్టిగా ఊదితే బయటికొచ్చే మొత్తం గాలి) పది శాతం పడిపోయినా, దాత కోసం ఎదురుచూసేవాళ్ల లిస్టులో పేరు నమోదు చేసే సమయం వచ్చినట్టే. మార్పిడి చేసే డాక్టర్ల దగ్గరికి ఒకసారి వెళ్లి మాట్లాడటం ఇంకా ముందే జరగాలి. ఎంత ఆలస్యమైనా ఇంట్లో ఆక్సిజన్ అవసరం పడిన మొదటి రోజు దాటకూడదు. సీఓపీడీలో బరువు, ఊదే సామర్థ్యం, ఆయాసం, నడక, ఈ నాలుగూ కలిపి వేసే బోడ్ స్కోరు పదికి ఏడుకు చేరితే లిస్టు మాట వస్తుంది.

వెళ్లి కలవడమంటే ఆపరేషన్‌కు ఒప్పుకోవడం కాదు. ఈ ఒక్క మాట కుటుంబాలకు తెలిస్తే చాలా మారుతుంది. ముందుగా కలిస్తే సరిచేసుకోదగ్గవి సరిచేసుకునే వ్యవధి దొరుకుతుంది. బీఎంఐ 35 దాటినా, 16 కన్నా పడిపోయినా రిస్క్ బాగా పెరుగుతుంది. సిగరెట్ మానేసి కనీసం ఆరు నెలలు గడిచాయా అని అడుగుతారు, నోటిమాటతో సరిపెట్టకుండా, ఒంట్లో నికోటిన్ ఆనవాలు పట్టే కోటినిన్ పరీక్ష కూడా చేస్తారు. గుండె రక్తనాళాలు, కిడ్నీలు, ఎముకల బలం, పాత టీబీ, పుచ్చిన పళ్లు, అన్నీ చూస్తారు. అన్నింటికన్నా ముఖ్యం తొడల కండ. ఏడాదిగా మంచం పట్టిన మనిషి కండ కరిగిపోయి ఉంటారు. అలాంటివాళ్లకు కొత్త ఊపిరితిత్తులు అమర్చినా వెంటిలేటర్ మీంచి బయటపడటం కష్టం. అందుకే ఆక్సిజన్ పెట్టుకునైనా రోజూ నడవమని, కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం చేయమని డాక్టర్లు అంతగా పట్టుబడతారు.

పూర్తిగా విషమించాక మిగిలేది ఎక్మో. రక్తాన్ని ఒంట్లోంచి బయటికి తీసి, ఆక్సిజన్ ఎక్కించి, మళ్లీ లోపలికి పంపే యంత్రం అది. 2020 ఆగస్టులో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు కోవిడ్‌తో చెన్నైలో ఎక్మో మీద ఉన్నప్పుడు ఆ పేరు తెలుగు ఇళ్లన్నింటికీ తెలిసింది. రోజూ హెల్త్ బులెటిన్ కోసం ఎదురుచూసిన ఆ వారాలు, సెప్టెంబరు 25న వచ్చిన వార్త, మరిచిపోయేవి కావు. అదే సెప్టెంబరులో హైదరాబాద్ కిమ్స్‌లో, సార్కాయిడోసిస్ అనే వాపు జబ్బుతో ఊపిరితిత్తులు దెబ్బతిన్న మీదట కోవిడ్ కూడా సోకిన ఒక రోగికి రెండు ఊపిరితిత్తులూ మార్చారు. దాత కోల్‌కతాలో. ఎక్మో మీద ఉన్నవాళ్లకు మార్పిడి కుదరదని కాదు, కుదిరిన సందర్భాలున్నాయి. కానీ యంత్రం మీద గడిచే ప్రతి రోజూ ఇన్‌ఫెక్షన్‌కూ, రక్తస్రావానికీ అవకాశమిస్తుంది. మరోపక్క తగిన దాత దొరకడం ఎవరి చేతిలోనూ లేదు.

దాత దొరకడం ఎందుకింత కష్టమన్నది ఈ మొత్తం వ్యవహారంలో అందరికన్నా రోగులను ఎక్కువగా వేధించే ప్రశ్న. 2023లో మన దేశంలో మరణానంతరం అవయవాలు దానం చేసినవాళ్లు 1,100 మంది దాకా ఉన్నారు. అందులో 252 మంది ఒక్క తెలంగాణలోనే, ఆ ఏడాది దేశంలో అదే మొదటి స్థానం. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో మొదలైన ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ విడివిడిగా నడుస్తోంది. ఇంత చేసినా దేశం మొత్తం మీద చూస్తే పది లక్షల జనాభాకు ఒక్క దాత కూడా లేనట్టే. స్పెయిన్‌లో ఆ సంఖ్య 45 పైనే.

పైగా దాత దొరికినంత మాత్రాన ఊపిరితిత్తులు దొరికినట్టు కాదు. అవయవదానం బాగా జరిగే దేశాల్లో కూడా ఐదుగురు దాతల్లో సుమారు ఒకరి ఊపిరితిత్తులే పనికొస్తాయి. కిడ్నీలు, లివర్ ఒంటి లోపల భద్రంగా ఉంటాయి. ఊపిరితిత్తులు బయటి గాలికి తెరిచి ఉన్న అవయవం. బైకు మీంచి పడి తలకు దెబ్బ తగిలిన కుర్రాడిని ఊహించుకుంటే విషయం తెలుస్తుంది. స్పృహ తప్పినప్పుడు కడుపులోది గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి జారి ఉండవచ్చు. ఛాతీకి దెబ్బ తగిలి ఉండవచ్చు. మెదడు చనిపోయే క్రమంలోనే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. బీపీ నిలపడానికి ఎక్కించిన సెలైన్ అక్కడికే చేరుతుంది. రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉంటే న్యుమోనియా పట్టుకుంటుంది. నలుగురు డాక్టర్ల బృందం కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి బ్రెయిన్ డెత్‌ని ధ్రువీకరించాలన్నది మన చట్టం. కుటుంబం గుండె దిటవు చేసుకుని సరేననే సమయానికి, ఆ ఐసీయూలో వెంటిలేటర్‌ని ఎంత జాగ్రత్తగా నడిపారు, సెలైన్ ఎంత ఆచితూచి ఎక్కించారు అన్నదాన్ని బట్టే ఊపిరితిత్తులు మిగులుతాయి. మార్పిడి జరిగే పెద్ద ఆస్పత్రి ఎంత గొప్పదైనా, దాత చివరి గంటలు గడిపిన జిల్లా కేంద్రంలోని ఐసీయూ నర్సు చేతి పని మీద ఆధారపడక తప్పదు. ఈ సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు.

ఆ తర్వాత సైజు కుదరాలి. ఆరడుగుల దాత ఊపిరితిత్తి ఐదడుగుల మనిషి ఛాతీలో పట్టదు. అందులోనూ ఫైబ్రోసిస్‌తో ఛాతీయే కుంచించుకుపోయి ఉంటుంది. బ్లడ్ గ్రూపు కలవాలి, రక్తంలో దాతకు వ్యతిరేకమైన యాంటీబాడీలు ఉండకూడదు. ఇవన్నీ కుదిరాక కూడా ఐస్‌లో పెట్టిన ఊపిరితిత్తికి ఆరు నుంచి ఎనిమిది గంటలే గడువు. కిడ్నీ ఒక రోజు ఆగుతుంది, ఇది ఆగదు. ట్రాఫిక్ ఆపి గ్రీన్ చానెల్ ఇవ్వడం ఇందుకే. 2021 ఫిబ్రవరిలో నాగోలు నుంచి జూబ్లీహిల్స్ దాకా ఒక గుండెను మెట్రో రైల్లో చేరవేసింది కూడా నిమిషాల కోసమే.

ఇక్కడే రోగులను కుంగదీసే ఒక అనుభవం ఉంది. అర్ధరాత్రి ఫోన్ వస్తుంది, దాత దొరికారు, ఏమీ తినకుండా వెంటనే రమ్మని. సిలిండర్ కారులో పెట్టుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని వెళ్తారు. రక్తం తీస్తారు, ఛాతీ షేవ్ చేస్తారు. అటు దాత దగ్గరికి వెళ్లిన సర్జన్ ఛాతీ తెరిచి, ఊపిరితిత్తిని చేత్తో పట్టుకుని, అంచుల దాకా తడిమి చూస్తారు. ఎక్కడో గట్టిగా తగులుతుంది, లేదా గాలి వదిలేసినా ముడుచుకోదు. స్కాన్‌లో కనబడనిది వేళ్లకు తెలిసిపోతుంది. "ఇది వద్దు" అంటారు. తెల్లవారుజామున ఇటు రోగిని ఇంటికి పంపేస్తారు. ఇలా ఒకటి రెండు సార్లు జరగడం మామూలే. ఆ తిరుగు ప్రయాణంలో కారులో ఎవరూ మాట్లాడరు. అయినా ఆ "వద్దు" అన్న సర్జన్ చేసింది రోగి మేలే.

పనికిరావని పక్కన పెట్టేవాటిని బాగుచేసే దారి ఒకటి వచ్చింది. దాత నుంచి తీసిన ఊపిరితిత్తులను గాజుగోపురం లాంటి పెట్టెలో ఉంచి, ఒంటి వేడి దగ్గర ప్రత్యేక ద్రవాన్ని పంపుతూ, వెంటిలేటర్‌తో గాలి ఊదుతూ నాలుగైదు గంటలు పరిశీలిస్తారు. స్వీడన్‌లో స్టిగ్ స్టీన్ మొదలుపెట్టిన ఈ పద్ధతిని టొరంటోలో షాఫ్ కేశవ్‌జీ బృందం స్థిరపరిచి 2011లో ఫలితాలు ప్రచురించింది. అనుమానంతో వదిలేయాల్సినవాటిలో చాలా వరకు వాడదగ్గవేనని తేలింది. మన దగ్గర ఇది ఇంకా కొద్ది చోట్లకే పరిమితం.

టొరంటో పేరు ఈ చరిత్రలో అంతకు ముందే ఉంది. మనిషికి మొదటిసారి ఊపిరితిత్తి మార్చింది 1963 జూన్ 11న, అమెరికాలోని మిసిసిపీలో జేమ్స్ హార్డీ. ఆ రోగి 18 రోజులు బతికాడు. తర్వాతి ఇరవై ఏళ్లలో ప్రపంచమంతా కలిపి నలభై ప్రయత్నాల దాకా జరిగినా ఎవరూ ఎక్కువకాలం నిలవలేదు. కొత్త ఊపిరితిత్తిని కలిపిన చోట శ్వాసనాళం అతుక్కోకుండా విడిపోయేది. కొత్త అవయవాన్ని ఒళ్లు తిప్పికొట్టకుండా ఆపే సైక్లోస్పోరిన్ అనే మందు వచ్చి, స్టెరాయిడ్ మోతాదు తగ్గించగలిగాక, 1983లో టొరంటోలో జోయెల్ కూపర్ చేసిన మార్పిడి నిలబడింది. ఆ రోగి ఆరేళ్లకు పైగా బతికాడు. 1986లో అక్కడే రెండు ఊపిరితిత్తులూ మార్చారు. ఆపరేషన్‌లో ఒక్కో వైపు కలపాల్సినవి మూడు: శ్వాసనాళం, గుండె నుంచి రక్తం తెచ్చే ధమని, తిరిగి గుండెకు చేర్చే సిరలు. నరాలను కలపడం కుదరదు.

ఆ తెగిన నరాల ప్రభావం తర్వాతి రోజుల్లో తెలుస్తుంది. కొత్త ఊపిరితిత్తిలో కఫం చేరినా దగ్గు రాదు, ఎందుకంటే ఆ కబురు మెదడుకు అందదు. అందుకే అవసరం లేదనిపించినా రోజూ గట్టిగా దగ్గి తీయమని నేర్పిస్తారు. ఏళ్ల తరబడి దగ్గుతో నిద్రలేని మనిషికి ఇప్పుడు దగ్గడం ఒక డ్యూటీ.

మందుల సంగతి అంతకన్నా కచ్చితం. ఉదయం ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి టాక్రోలిమస్. దాంతోపాటు మైకోఫినోలేట్, ప్రెడ్నిసోలోన్. ఒళ్లు కొత్త ఊపిరితిత్తిని తిప్పికొట్టకుండా ఆపే మందులివి. రక్తపరీక్ష రోజున ఉదయం మాత్ర వేసుకోకుండా వెళ్లి, రక్తం ఇచ్చాకే వేసుకోవాలి, లేకపోతే లెవెల్ తప్పు చూపిస్తుంది. మన పెరళ్లలో కాసే పంపరపనస ముట్టకూడదు. గ్రేప్‌ఫ్రూట్‌లాగే అది కూడా టాక్రోలిమస్ మోతాదును రక్తంలో పెంచేయగలదు. ఆయుర్వేదం పొడి, పసరు మందు, ఫ్లూ టాబ్లెట్, ఏదైనా అడగకుండా వేసుకోకూడదు. బాల్కనీలో పావురాలు వాలకుండా వల కట్టాలి. పక్కింట్లో గోడ పగలగొడుతుంటే ఆ దుమ్ములోని ఆస్పర్జిలస్ ఫంగస్‌కు భయపడి కిటికీలు మూయాలి. పొద్దున్నే చిన్న స్పైరోమీటర్‌లో ఊది, అంకె నోట్‌బుక్‌లో రాసుకోవాలి. అది పది శాతం తగ్గి అలాగే ఉంటే, ఒంట్లో బాగానే ఉందనిపించినా ఫోన్ చేయాల్సిందే.

ఆ అంకె మీద అంత శ్రద్ధ ఎందుకంటే, దీర్ఘకాలంలో ప్రాణాల మీదికి వచ్చేది నెమ్మదిగా సాగే తిరస్కరణ, అంటే ఒళ్లు కొత్త ఊపిరితిత్తిని పరాయిదిగా చూసి తిప్పికొట్టడం. సన్న శ్వాసనాళాలు మచ్చ కట్టి మూసుకుపోతాయి. ఐదేళ్లు గడిచేసరికి దాదాపు సగం మందిలో ఇది ఏదో ఒక మేర కనిపిస్తుంది. దీనికి ఇప్పటికీ గట్టి మందు లేదు. తొందరగా పట్టుకుంటే నెమ్మదింపజేయవచ్చు. మందుల వల్ల కిడ్నీలు దెబ్బతినడం, షుగర్ రావడం, టీబీ లాంటివి తిరగబెట్టడం కూడా లెక్కలో ఉంచుకోవాల్సినవే.

డబ్బు విషయం దాచిపెట్టి లాభం లేదు. ప్రైవేటు ఆస్పత్రుల్లో ఆపరేషనే పాతిక లక్షలు దాటడం మామూలు, ఎక్మో తోడైతే ఇంకా పెరుగుతుంది. తర్వాత నెలనెలా మందులు, పరీక్షలు, శ్వాసనాళాల్లోకి సన్నటి గొట్టం పంపి చూసే బ్రాంకోస్కోపీలు, అవి జీవితాంతం ఆగవు. మొదటి ఏడాది ఆస్పత్రికి దగ్గర్లో అద్దెకుండాలి, ఇంట్లో ఒకరు ఉద్యోగం మానుకోవాలి. 2017లో చండీగఢ్ పీజీఐ ప్రభుత్వ రంగంలోనూ ఈ ఆపరేషన్ సాధ్యమేనని చూపించింది. అయినా ఇది ఇప్పటికీ ఎక్కువగా ప్రైవేటు ఆస్పత్రుల చేతిలోనే ఉంది. ఐఎల్‌డీతో వచ్చే రైతు కూలీకి, క్రషర్‌లో సిలికా పీల్చిన కార్మికుడికి ఈ చికిత్స ఉందని చెప్పడం కూడా చాలాచోట్ల మానేశారు, ఎలాగూ భరించలేరు కదా అని. అది అన్యాయం. భరించగలరో లేదో తేల్చుకోవాల్సింది ఆ కుటుంబం. ఆపరేషన్ వద్దనుకున్నా, ఆయాసాన్ని తగ్గించే పాలియేటివ్ వైద్యం అడిగి తీసుకునే హక్కు వాళ్లకుంది.

కాబట్టి ఐఎల్‌డీ అని మొదటిసారి తేలిన రోజునే ఓపీలో అడగదగ్గ ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఎఫ్‌వీసీ, ఊపిరితిత్తి నుంచి రక్తంలోకి గాలి ఎంత బాగా దిగుతోందో చెప్పే డీఎల్‌సీఓ ఇప్పుడు ఎంత, ఆరు నెలల కిందట ఎంత? ఆరు నిమిషాల నడకలో ఆక్సిజన్ ఎంతకు పడింది? ఇంట్లో కూలర్, పావురాలు, బూజు ఉన్నాయా అని ఎవరైనా అడిగారా? మార్పిడి చేసే టీమ్‌ను ఒకసారి కలవడానికి ఉత్తరం రాసిస్తారా? ఆ ఉత్తరం రాయడానికి డాక్టరుకు పట్టేది ఐదు నిమిషాలు. దాన్ని పట్టుకుని కాన్సంట్రేటర్ అవసరం లేకుండా, తనంతట తాను బస్సెక్కి వెళ్లగల రోజుల్లోనే రోగి వెళ్లాలి.